ఎస్తేరు వెంట నీళ్ళు ఉరికిన రోజు

ట్యాంకరు కాలనీ ముందు నుంచే వెళ్తుంది. ఆగదు.

బెళుగుప్ప మండలంలో ఒక ఊరు. పేరు రాయను, రాస్తే ముందు పోయేది ట్యాంకరు తోలే తిప్పయ్య కూలి. తారు రోడ్డు దిగి మలుపు తిరిగితే ఆ ఊరికి మొదట తగిలేది ఎస్సీ కాలనీ. తర్వాత బడి, బడి దాటాక మూతబడ్డ పాల కేంద్రం, దాన్నీ దాటితే పెద్దవీధి. బోర్లు ఎండిన నెలల్లో, అంటే దాదాపు ఏడాదంతా, బడిగంట వేళకు నీళ్ళ ట్యాంకరు వస్తుంది. కాలనీ గడపల మీద దుమ్ము పోసి, వెనక పైపు నుంచి సన్నగా నీళ్ళు కార్చుకుంటూ నేరుగా పెద్దవీధికి పోయి నిలబడుతుంది. అక్కడి బిందెలు నిండాక మిగిలితే కాలనీకి. ఇలా ఉండాలని ఎవరూ ఎక్కడా రాసి పెట్టలేదు. రాసి ఉంటే చింపడానికైనా వీలుండేది.

అందుకే ఎస్తేరు పరిగెత్తేది.

తిప్పయ్య బండి ఆపి, దిగి, బీడీ ముట్టించి, పైపు విప్పేలోగా అక్కడికి చేరి బిందె పెడితే వరుసలో చోటు దక్కుతుంది. ఆలస్యమైతే అడుగు నీళ్ళు, మట్టితో కలిపి. ఎస్తేరు తన బిందెను ఎడమ చంకన ఇరికించుకుని, కాలనీ ముసలివాళ్ళ బిందెల్ని తాడుకు గుచ్చి వీపున వేసుకుని, ట్యాంకరు దుమ్ములో పడి ఉరికేది. పెళ్ళై ఆ ఊరికి వచ్చిన వారం నుంచి అదే పని. కూతురు రూతు కడుపులో ఉన్నప్పుడు కూడా మానలేదు.

"ఇన్నేండ్లు ఎవురినీ అడగలేదా?" అన్నాను ఒకసారి.

"ఎవురిని అడగాల? ట్యాంకరునా?" అని నవ్వింది. తర్వాత నవ్వకుండా అంది, "అడిగితే ఆ రవ్వన్ని నీళ్ళు గూడా ఎత్తుకుపోతారేమో అని బయం."

ఇది ఆమె కథ. ఇందులో ఏడుపు ఇంతే. మిగతాదంతా ఆమె చెప్పినట్టే చెప్తాను. చెప్పేటప్పుడు ఆమె మూడు చోట్ల నవ్వాపుకోలేక గోడకు ఆనుకుంది.

శశి అనంతపురంలో ఆటల టీచరు. పని మీద ఆ ఊరి బడికి స్కూటీ మీద వస్తూ, ముందు ట్యాంకరు, దాని వెనక వీపు నిండా బిందెలతో ఒక ఆడమనిషి వెళ్ళడం చూసింది. దాటిపోదామని స్పీడు పెంచింది. కుదరలేదు. "గుంతల రోడ్డు, నేను స్కూటీ మీద, ఆమె చెప్పుల్లేకుండా. ఆమే గెలిచింది. సిగ్గుతో హారన్ కూడా కొట్టలేదు," అంటుంది శశి.

పెద్దవీధిలో స్కూటీ ఆపి అడిగింది. "అక్కా, గుత్తి కోట మీదికి ఆడోళ్ళ పరుగు పందెం పెడతాండాం. వస్తావా?"

"ఆడ నీళ్ళిస్తారా?"

"ఇస్తారు, సీసాల్లో."

"ఊరికేనా?"

"ఊరికే."

"అయితే వస్తా."

ఎస్తేరు మాట తప్పలేదు. కోట దారిలో ప్రతి మలుపులోనూ నీళ్ళ సీసాలు పట్టుకుని పిల్లలు నిలబడ్డారు. అందరూ రెండు గుక్కలు తాగి సీసా పారేస్తున్నారు. ఎస్తేరు మాత్రం పిల్లలిచ్చిన ప్రతి సీసానూ తీసుకుంది, ఒక్కటీ తాగలేదు. కొంగులో కట్టింది, నడుముకు దోపింది, చంకలో ఇరికించింది. పైన గీత దాటి మొదట వచ్చిన మనిషిని చూసి చప్పట్లు కొట్టాలో, సీసాలు దింపడానికి సాయం పట్టాలో తెలియక జనం అలాగే నిలబడిపోయారు.

"ఎందుకక్కా ఇవన్నీ?"

"ఇంటికి. మూతలు గూడా తియ్యలేదు, సూడు."

శశి వాళ్ళకు ఒక ఆడవాళ్ళ పరుగు బృందం ఉంది. ఏడాదికోసారి ఏదో ఒక దూరదేశం పోయి, దాన్ని బస్సులో కాకుండా కాళ్ళతో చూసి వస్తారు. ఊరూరికీ పరిగెత్తడం, ఆ ఊళ్ళోనే పడుకోవడం. చందాలు వేసుకుని బయటి నుంచి ఒక మనిషిని వెంట తీసుకుపోతారు. ఈసారి ఆఫ్రికా పక్కన సముద్రంలో ఉన్న జాంజిబార్ దీవి. ఈసారి మనిషి ఎస్తేరు.

కాలనీలో పక్కింటి ముసలామె రామక్క ఈ సంగతి విని కంగారు పడింది.

"దీవి అంటే ఏంది మే?"

"సుట్టూ నీళ్ళంట అవ్వా. నడాన మనుసులంట."

"సుట్టూరా నీళ్ళేనా?"

"ఊఁ."

రామక్క చేతికర్రతో నేల మీద సున్నా చుట్టింది. "మరి ట్యాంకరు ఏ పక్క నిలబడతాదంట?"

ఎస్తేరు భర్త ఐజాక్ తాడిపత్రిలో బండలు పాలిష్ పట్టే పనికి పోతాడు. ఆదివారం ప్రార్థన వేళకు ఇంటికి వస్తాడు, ఎంత కడుక్కున్నా కనుబొమల్లో తెల్లపొడి పోదు. భార్య సంచిలో బట్టలు సర్దడం చూశాడు. సంచి పక్కన ఆకుపచ్చ ప్లాస్టిక్ బిందెను కూడా చూశాడు.

"సముద్రం నీళ్ళు ఉప్పు గదమే. బిందె ఎందుకు?"

"నువ్వు తువ్వాల లేకుండా గడప దాటతావా? నాకు బిందె అట్ల."

"ఇంటికాడ నీళ్ళకు ఎట్ల మరి?"

"నేను ఉరుకుతా నాయనా," అంది రూతు, పుస్తకంలోంచి తల ఎత్తకుండానే. "రెండు వారాలే గదా."

ఆ మాటలో తప్పేమీ ఎవరికీ తోచలేదు.

బెంగళూరు విమానాశ్రయంలో బిందె ఒక పరీక్ష పాసైంది. యూనిఫాం వేసుకున్న తనిఖీ ఆయన కన్నడంలో అడిగాడు, హిందీలో అడిగాడు, చివరకు వచ్చీరాని తెలుగులో అడిగాడు. "అమ్మా, లోపల నీళ్ళు ఉంటే పారబోయాల."

"నీళ్ళుంటే నేనెందుకు సార్ ఇంత దూరం ఉరుకుతా?" అంది ఎస్తేరు.

శశి ముఖం పక్కకు తిప్పుకుంది. ఆయన బిందెను తలకిందులు చేశాడు, తట్టాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు. లోపలి నుంచి వేయించిన ఒక్క శెనిక్కాయ రాలింది. దాన్ని ఎస్తేరు తీసి, ఒలిచి, ఒక పలుకు ఆయనకిచ్చింది.

దీవి మీద మొదటి రోజే ఒక చిక్కు వచ్చింది. ఎస్తేరుకు తిన్నగా పరిగెత్తడం రాదు.

ఇన్నేళ్ళూ ఎడమ పక్క బిందె. ఆ బరువును ఆపడానికి ఒళ్ళు కుడికి ఒరిగి, అలాగే గట్టిపడింది. బిందె తీసేస్తే ఒరుగు మిగిలింది. అందరూ రోడ్డు మీద పోతుంటే ఎస్తేరు మెల్లగా కుడికి, ఇంకా కుడికి జరిగి, కొబ్బరి తోటల్లోకి, కర్రపెండలం మళ్ళలోకి, కోళ్ళు తిరిగే వాకిళ్ళలోకి పోయేది. ఒక వాకిట్లో చాప మీద లవంగాలు ఆరబోశారు. ఆ ఘాటుకు వరుసగా తుమ్ములొచ్చి అక్కడే కూలబడింది. ఆ ఇంటావిడ నవ్వుతూ తీపి ముక్క ఒకటి చేతిలో పెట్టింది. కొరికి చూస్తే పాకంలో పోసిన శెనిక్కాయ.

"శశమ్మా, మా చేలో పంట ఈడికెట్ల వచ్చింది?"

తప్పిపోయి చేరిన ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకటి తినిపించారు. నాలుగో ఇంటి తర్వాత శశికి అనుమానం వచ్చింది. "అక్కా, నిజంగానే దారి తప్పుతాండావా, కావాలనే పోతాండావా?"

"మొదట తప్పినా. ఇప్పుడు కాళ్ళే వాసన పట్టుకుని పోతాండాయి."

చివరకు శశి ఓడిపోయి బిందె చేతికిచ్చింది. చంకలో బిందె పడిన మరుక్షణం ఎస్తేరు బాణంలా తిన్నగా పోయింది. ఆకుపచ్చ బిందె, గోచీలా దోపిన చీర, బృందం వాళ్ళు కొనిచ్చిన కొత్త బూట్లు. ఊళ్ళో పిల్లలు వెంటపడి కేకలు వేశారు. నెత్తిన బకెట్లు పెట్టుకుని వస్తున్న ఆడవాళ్ళు ఆగి చప్పట్లు కొట్టారు, తమలో ఒకతె చివరకు బాగుపడిందన్నట్టు. అడవిలో ఎర్ర వీపు కోతులు చెట్లు దిగి వచ్చి చూశాయి. ఎస్తేరు వాటికి కూడా చేయి ఊపింది. ఊరికే పరిగెత్తడం, వెనక ఎవరూ తరమకుండా, ముందు ఏ బండీ లేకుండా. తల తిరిగేంత సంతోషం అది. మధ్యాహ్నానికి బూట్లు విప్పి బిందెలో వేసుకుంది. "కాళ్ళకు ఉక్కపోస్తాంది" అని.

ఒక సాయంత్రం ఉన్నట్టుండి వాన దంచింది. అందరూ పంచలోకి ఉరికారు. ఎస్తేరు మాత్రం బయటికి ఉరికి, వాకిట్లో బిందె పెట్టి, ఎవరూ జరపకుండా దాని పక్కనే తడుస్తూ కాపలా నిలబడింది. ఆ ఇంటి ఆడమనిషి సైగ చేసింది, లోపలికి రా, రేపు కూడా పడుతుంది అని. రేపు కూడా పడుతుందని అంత నమ్మకంగా చెప్పిన మనిషిని ఎస్తేరు అదే మొదటిసారి చూడటం.

ఆ తర్వాత తూర్పు ఒడ్డున ఒక జాలర్ల ఊరు చేరారు. సాయంత్రం సముద్రం బస గోడను తాకుతోంది. అంత నీళ్ళను కాళ్ళ దగ్గర పెట్టుకుని ఎస్తేరు నిద్రపోయింది. మర్నాడు పరుగు లేదు, అందుకని ఎండెక్కాక లేచి బయటికి వచ్చింది.

సముద్రం లేదు.

గోడ దగ్గర లేదు. పడవల దగ్గర లేదు. కనుచూపు మేర తెల్లటి ఇసుక, అక్కడక్కడా మడుగులు. పడవలు పొట్టలు నేలకానించి పక్కకు ఒరిగి ఉన్నాయి. ఎస్తేరుకు ఇలాంటి నేల తెలుసు. నీళ్ళున్న చోట నీళ్ళు లేకపోవడం అంటే ఏమిటో ఆమెకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

"శశమ్మా! లెయ్! సముద్రం ఎండిపోయినాది!"

శశి దుప్పటిలోంచి, "ఏందక్కా?" అంది.

"నేనొచ్చినా గదా, ఎండిపోయినాది! మా ఊరి కరువు నా ఎనకాలే ఇమానం ఎక్కినాది! పాపం వీళ్ళు రాత్రి నాకు చేప గూడా పెట్టిరి..."

శశి కళ్ళు నులుముకుని వాకిట్లోకి వచ్చేసరికి ఇసుక మీద ఆకుపచ్చ చుక్క ఒకటి దూరంగా ఉరుకుతోంది. సముద్రాన్ని వెతుక్కుంటూ ఎస్తేరు బిందెతో సహా బయల్దేరిపోయింది.

చాలా దూరం పోయాక మనుషులు కనిపించారు. రంగురంగుల గుడ్డలు చుట్టుకున్న ఆడవాళ్ళు మోకాళ్ళు మడిచి కూర్చుని పని చేస్తున్నారు. ఇసుకలో వరుసగా పుల్లలు నాటి, పుల్లకూ పుల్లకూ దారం కట్టి, దారానికి సముద్రపు నాచు ముడివేస్తున్నారు. సాళ్ళు తిన్నగా, శెనగ చేనులాగే ఉన్నాయి. సముద్రమే ఎండిపోతే వీళ్ళకు సేద్యం ఎట్లా సాగుతోందో ఎస్తేరుకు అర్థం కాలేదు. అయినా ఆడవాళ్ళు సాలు మీద కూర్చున్నప్పుడు తాను నిలబడి చూడటం అలవాటు లేదు. బిందె దింపి, ఒక వరుస పట్టుకుని ముడులు వేయడం మొదలుపెట్టింది. ఎవరూ ఎవరు నువ్వని అడగలేదు. రెండు ముడులు తప్పుగా పడితే పక్కనున్న లావుపాటి పెద్దావిడ విప్పి మళ్ళీ వేసి చూపింది. ఆమె పేరు మ్వానాయిషా.

వరుస పూర్తయ్యాక ఎస్తేరు ఖాళీ బిందె ఎత్తి చూపించి, చెయ్యి తిప్పింది. నీళ్ళు యాడ?

మ్వానాయిషా దూరాన సన్నటి తెల్లగీతను చూపింది. ఎస్తేరు చీర బిగించి అటు ఉరకడానికి లేచింది. ఆవిడ కొంగు పట్టి కిందికి లాగింది. ఇసుక మీద అరచేత్తో తట్టింది, కూర్చో అని. తర్వాత ఆ తెల్లగీత వైపు చూపి, వేళ్ళతో రా రమ్మని పిలిచి, తన ఒడిని తట్టింది. హిందీ సినిమాలు చూసి నేర్చుకున్న నాలుగు మాటల్లో ఒకటి బయటికి తీసింది. "ఆయేగా. ఆయేగా."

అనంతపురం మనిషికి ఆ మాత్రం హిందీ తెలుసు. వస్తుందట. నీళ్ళు, వాటంతట అవే.

ఎస్తేరు కూర్చుంది. పుట్టి బుద్ధెరిగాక నీళ్ళ కోసం కూర్చోవడం అదే మొదలు. కాళ్ళు ఊరుకోవడం లేదు. ఒక మోకాలు దానంతటదే ఊగుతుంటే మ్వానాయిషా దాని మీద చెయ్యి వేసి ఆపింది. మిగతా ఆడవాళ్ళు ఎస్తేరు మోకాలును చూపించుకుని పడీపడీ నవ్వారు. ఎస్తేరూ నవ్వింది.

అప్పుడు మడమలకు చల్లగా ఏదో తగిలింది.

వెనక్కి తిరిగి చూస్తే సముద్రానికి పోటు మొదలైంది. పలచటి నీటి పొర, ముత్యాల అంచు వేసుకుని, ఇసుక మీద మెల్లగా పాకుతూ వస్తోంది. ఆడవాళ్ళు మూటలు నెత్తికెత్తి, కబుర్లాడుకుంటూ ఒడ్డు దారి పట్టారు. ఎస్తేరు లేచి వెనక్కి రెండడుగులు వేసింది. నీళ్ళు రెండడుగులు వేశాయి. పది అడుగులు ఉరికింది. నీళ్ళూ ఉరికాయి. ఆగింది. నీళ్ళు ఆగలేదు, పాదాలు దాటి, పిక్కలు తడిపి, బిందె కిందికి దూరి దాన్ని పైకెత్తాయి. చేతిలోంచి జారిన బిందె తేలుతూ ఆమెకంటే ముందు ఒడ్డు వైపు పోయింది.

"యో! నన్ను ఇడిసి పోతాండావా?"

బిందె వెనక ఎస్తేరు, ఎస్తేరు వెనక సముద్రం. కాసేపు ఉరికి, కావాలని ఆగి, పట్టుబడి, కిలకిలా అరిచి, మళ్ళీ ఉరికి. పడింది, లేచింది, చీరంతా ఉప్పు. ఒడ్డున శశి రెండు చేతుల్లో చెప్పులు పట్టుకుని భయంతో కేకలు వేస్తోంది. మ్వానాయిషా ఆమె భుజం తట్టి ఏం కాదంది.

"సూడు శశమ్మా!" మోకాటి లోతు నీళ్ళలో నిలబడి ఎస్తేరు అరిచింది. "ఇన్నేండ్లు నేను వాటెనక ఉరికినా! ఈ పొద్దు నీళ్ళే నా ఎనక పడినాయి!"

ఆ సంగతి రూతుకు చెప్పాలని మర్నాడు వేకువనే ఎస్తేరు శశి ఫోను అడిగి తీసుకుంది. అక్కడ తెల్లవారుతుంటే ఇక్కడ బడివేళ.

"రూతూ! ఏమైందో తెలుసా, సముద్రం..."

"అమ్మా... ఆగమ్మా... తిప్పయ్య మామ... పోతాండాడు..."

ఆ తర్వాత మాటలు లేవు. ఫోను బడిసంచిలో పడిపోయినట్టుంది. లోపలి నుంచి అడుగుల చప్పుడు, తుంటికి బిందె కొట్టుకునే టప్‌టప్, ఎగశ్వాస. ఎస్తేరుకు ఆ ఊపిరి తెలుసు. తనదే. అది కూతురి ఛాతీలోంచి వస్తోంది. ఎక్కడో ఇంజను ఆగింది. "ఏయ్ పాపా, జరుగు, ఎనక పెట్టు," అని ఎవరో అన్నారు.

కాసేపటికి రూతు గొంతు వచ్చింది. "ఆఁ చెప్పమ్మా. చోటు దొరికింది. సముద్రం ఎట్లుండాది?"

"బడి గంట కొట్టలేదా?"

"ఎప్పుడో కొట్టినారు. రోజూ బయట నిలబెడతాండారులే. ఏం గాదు."

ఏం గాదు. ఆ మాట కూడా ఎస్తేరుదే. కూతురికి ఎప్పుడు ఇచ్చిందో ఆమెకు గుర్తు లేదు.

మిగిలిన రోజులు కూడా ఎస్తేరు దీవి మీద నవ్వుతూనే పరిగెత్తింది, తిన్నగా, అందరికంటే ముందు. కానీ ఇంటికి వచ్చిన మర్నాడు, బడిగంట వేళకు, ఉరకలేదు.

ఆ పొద్దు కాలనీ ముందు, మలుపు దగ్గర, రోడ్డు నడుమ ఆకుపచ్చ బిందె పెట్టి దాని పక్కన నిలబడింది. ట్యాంకరు మలుపు తిరిగింది. హారన్ కొట్టింది. మళ్ళీ కొట్టింది. బిందెకు బెత్తెడు దూరంలో ఆగింది.

తిప్పయ్య తల బయటపెట్టాడు. "ఏమక్కా, ఉరకవా?"

"ఉరకను."

"కాలు నొప్పా?"

"కాలు బాగుండాది. దిగి పైపు ఇప్పు."

"ఈడనా? ఎప్పుడూ ఆడ గదా నిలబెట్టేది?"

"ఈడ నిలబెట్టొద్దని నీకు ఎవురన్నా చెప్పినారా?"

తిప్పయ్య ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. "లేదక్కా. నిలబెట్టమనీ ఎవురూ చెప్పలేదు."

"నేను చెప్తాండా."

అప్పటికే కాలనీ ఆడవాళ్ళు గడపలు దిగుతున్నారు. రామక్క అందరికంటే వెనక, చేతికర్రతో, చెంబుతో. "ట్యాంకరు మన పక్కనే నిలబడిందే!" అంటోంది, దీవి మీదికి వచ్చి పడ్డట్టు. తిప్పయ్య దిగి, బీడీ ముట్టించి, పైపు విప్పాడు. రూతు బిందె నింపి ఇంట్లో పెట్టి, గంట కొట్టకముందే బడి గేటు దాటింది.

ఎంతకీ ట్యాంకరు రాకపోయేసరికి పెద్దవీధి వాళ్ళు అనుమానపడి బయల్దేరారు. పాల కేంద్రం దాటి, బడి దాటి, రొప్పుతూ, చేతుల్లో బిందెలతో, ఉరుకుతూ వచ్చారు. ముందు గంగాధరప్ప. పెద్దవీధిలో మొదటి బిందె ఎప్పుడూ ఆయనదే. పంచె ఒక చేత్తో, బిందె ఇంకో చేత్తో.

"ఎప్పుడూ... లేంది... ఇదేంది... మే?" ఒక్కో మాటకూ ఒక్కో ఊపిరి.

ఎస్తేరు ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది. "బిందె చేత్తో పట్టుకోగూడదప్పా, చంకన పెట్టుకో. ఒళ్ళు రవ్వంత కుడికి ఒరిగించు. అలవాటైతాదిలే. ఇంద, ఈ వరుసలో పెట్టు, ఎనకాల."

పెద్దవీధి ఆడవాళ్ళలో ఎవరో ముందు ఫక్కున నవ్వారు. ఆ తర్వాత ఎవరూ ఆపుకోలేదు. గంగాధరప్ప నవ్వలేదు. కానీ బిందె వెనకాలే పెట్టాడు.

ఇది ఇక్కడితో ఆగితే బాగుండేది. ఎవరైనా మలుపులో నిలబడిన రోజు ట్యాంకరు కాలనీలో ఆగుతోంది. చేలల్లో శెనిక్కాయ పీకే రోజుల్లో కాలనీ అంతా చీకటితోనే కూలికి పోతుంది. నిలబడే మనిషి ఉండదు, బండి ఆగదు, రూతు మళ్ళీ ఉరుకుతుంది, బడి బయట నిలబడుతుంది. కాలనీలోనే ఒక తొట్టి కట్టి, ట్యాంకరు ముందు దాన్ని నింపేటట్టు చేయమని ఎస్తేరు గ్రామసభలో అడిగింది. చూద్దాం అన్నారు. చూస్తూనే ఉన్నారు.

కాబట్టి చదివినవాళ్ళను ఒక్కటి అడుగుతున్నాను. మీ ఊరికి, మీ పక్క ఊరికి నీళ్ళ బండి వచ్చేటప్పుడు ఒక పొద్దున పోయి చూడండి. అది ఎవరి గడప ముందు ఆగుతోందో, ఎవరి గడప ముందు దుమ్ము పోసి పోతోందో చూడండి. ఆగని చోట నిలబడండి. గ్రామసభకు పోయి, ముందు అక్కడ తొట్టి కట్టమని పేరు పెట్టి అడగండి. చూద్దాం అంటే, ఏ రోజు చూస్తారో చెప్పేదాకా కుర్చీలోంచి లేవకండి. అనంతపురం వాళ్ళైతే కాయ పీకే నెలలో ఒక్క పొద్దు బెళుగుప్ప రోడ్డుకు రండి. ఊరి పేరు ఆటల టీచరు శశిని అడిగితే చెప్తుంది. బూట్లు వేసుకోనక్కర్లేదు, ఉరికే పని లేదు. మలుపులో ఒక ఆకుపచ్చ బిందె ఉంటుంది. దాని పక్కన మీది పెట్టండి.